ఒక్క పుస్తకం పట్టుకోండి, మొదటి వచనం నుంచి చదవండి

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. కందుకూరు దగ్గర మీ ఊళ్లో, మీ చర్చిలో డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలంతా కలిసి శనివారం సాయంత్రం బైబిలు స్టడీ మొదలుపెట్టారు. మొదట్లో పదిహేను మంది దాకా వచ్చేవాళ్లు, ఇప్పుడు ఐదారుగురు మిగిలారు. వచ్చినవాళ్లు కూడా నోరు విప్పరు, నువ్వే వాక్యం చదివి, నువ్వే వివరించి, నువ్వే ప్రార్థన చేసి పంపించేస్తున్నావు. తండ్రిని పోగొట్టుకున్న ఒక అమ్మాయి "అంతమంది ఉపవాసముండి ప్రార్థన చేసినా మా నాన్న ఎందుకు చనిపోయాడు" అని అడిగితే, సంఘపెద్ద ఒకాయన "ఇలాంటివి అడగకూడదు, విశ్వాసం పోతుంది" అన్నారు, ఆ తర్వాత ఆ అమ్మాయి రావడం మానేసింది. "ఇన్నాళ్లు చదివినా మాలో విశ్వాసం పెరిగినట్టు లేదన్నా, ఎక్కడ తేడా కొడుతోంది?" అని నీ ప్రశ్న.

నేను పాస్టర్ని కాదు. ఒంగోలులో ఉద్యోగం చేసుకుంటూ, ఇక్కడా చుట్టుపక్కల పల్లె సంఘాల్లోనూ యవ్వనస్థుల కూడికల్లో చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. ఆ అనుభవంతో సూటిగా చెబుతున్నా, ఏమీ అనుకోవద్దు. మీరు కలిసి బైబిలు చదవడం లేదు. ఆదివారం విన్న ప్రసంగానికి శనివారం ఇంకో చిన్న ప్రసంగం చేరుస్తున్నారు, అంతే. నువ్వు రాసిన అంశాలు చూడు: యవ్వనస్థుల పరిశుద్ధత, సెల్‌ఫోను ఉచ్చు, విజయవంతమైన జీవితం, కడవరి దినాలు. అంశం ముందే పెట్టుకుని దానికి సరిపోయే వచనాలు కీర్తనల్లో ఒకటి, సామెతల్లో ఒకటి, ప్రకటనలో ఒకటి వెతికి తెస్తున్నావు. పాయసంలో జీడిపప్పు ఏరుకు తిన్నట్టు ఉంటుంది అది. తింటున్నంతసేపు బాగానే ఉంటుంది గానీ ఆకలి తీరదు. పైగా ఆ వచనాలు ఎందుకు ఏరావో నీకొక్కడికే తెలుసు కాబట్టి మిగతావాళ్లు మాట్లాడటానికి అక్కడ ఏమీ మిగలదు. వాళ్లు నోరు విప్పడం లేదంటే వాళ్లకు ఆసక్తి లేదని కాదు, వాళ్లకు నువ్వు పని ఇవ్వలేదని.

అందుకని మొదట చేయాల్సింది ఇది. ఒక పుస్తకం తీసుకోండి, మొదటి అధ్యాయం మొదటి వచనం నుంచి చివరిదాకా వరసగా చదవండి. నన్నడిగితే మార్కు సువార్తతో మొదలుపెట్టమంటాను. నాలుగు సువార్తల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలు. ఉపదేశాలు తక్కువ, జరిగిన సంగతులు ఎక్కువ, ఒక సంఘటన అవగానే ఇంకొకటి పరుగెత్తుకుంటూ వస్తుంది. వారానికి ఒక్క సంఘటన చాలు, అధ్యాయం మొత్తం పూర్తి చేయాలన్న టెన్షన్ వద్దే వద్దు. ఆ పది పదిహేను వచనాలు తలా రెండు చొప్పున పైకి చదవాలి. తర్వాత బైబిళ్లు మూసేసి, ఒకరు ఆ కథను సొంత మాటల్లో, మన ఊరి మాటల్లో చెప్పాలి, వదిలేసినవి మిగతావాళ్లు కలపాలి. మళ్లీ తెరిచి ఇంకోసారి చదవాలి. ఇక్కడికే ఇరవై నిమిషాలు పడుతుంది, ఈలోపే నోరు విప్పనివాళ్లు కూడా ఒకటి రెండు మాటలు అని ఉంటారు. అప్పుడు మూడు ప్రశ్నలు. ఇందులో ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు? ఆ రోజు అక్కడ నిలబడి చూసినవాళ్లకు ఇది ఎలా అనిపించి ఉంటుంది? ఇది నిజమైతే ఈ వారం నేను ఏం మార్చుకోవాలి? మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగండి. మనవాళ్లకు మూడో ప్రశ్న మీదికి దూకే అలవాటు ఎక్కువ. ఏముందో చూడకుండానే "దీని ద్వారా దేవుడు మనతో మాట్లాడుతున్నది ఏమిటంటే" అని మొదలుపెడతారు, దాంతో ఏ భాగం చదివినా చివరికి అవే నాలుగు మాటలు వస్తాయి: ప్రార్థన చేయాలి, చర్చికి రావాలి, చెడు స్నేహాలు వద్దు, తల్లిదండ్రులకు లోబడాలి. మంచి మాటలే, కానీ ఆ వారం చదివిన భాగంలో నుంచి వచ్చినవి కావు.

ఒక ఉదాహరణ చూపిస్తాను. మార్కు 2వ అధ్యాయం, కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చిన సంగతి. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్నదే, ఫ్లానెల్‌గ్రాఫ్ మీద బొమ్మలు అంటించి మరీ చెప్పేవాళ్లు. చీమకుర్తి వైపు ఒక పల్లెలో ఇది చదువుతుంటే, గ్రానైటు క్వారీలో పని చేసే అబ్బాయి ఒకడు, ఇంటర్‌తో చదువు ఆపేసినవాడు, "అన్నా, ఇంటి కప్పు విప్పారంటే అది మా తాతల నాటి మట్టిమిద్దె లాంటిది అయ్యుండాలి, దూలాల మీద కర్రలు పరిచి, ఆకు అలము వేసి, పైన మట్టి మెత్తింది. దాన్ని తవ్వితే కింద కూర్చున్నవాళ్ల నెత్తిన మన్ను రాలకుండా ఉంటుందా?" అన్నాడు. ఒక్కసారిగా అందరికీ ఆ గది కనిపించింది. యేసు బోధిస్తున్నాడు, పైనుంచి మన్ను రాలుతోంది, ఇంటాయన పైకి చూస్తున్నాడు, శాస్త్రులు చొక్కాలు దులుపుకుంటున్నారు అని ఒకళ్ల మీద ఒకళ్లు చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడు ఇంకో అమ్మాయి అడిగింది, "ఆ జబ్బు మనిషి ఏమన్నాడు?" వెతికారు. ఆ భాగం మొత్తంలో అతను ఒక్క మాట కూడా మాట్లాడడు. "నన్ను బాగుచెయ్యి" అని అడగడు, "నమ్ముతున్నాను" అని అనడు. మరి యేసు దేన్ని చూశాడు? అయిదో వచనంలో "యేసు వారి విశ్వాసము చూచి" అని ఉంది. వారి విశ్వాసం. మోసుకొచ్చినవాళ్లది.

ఆ గుంపులో డిగ్రీ తప్పి ఏడాదిగా ఇంట్లోనే ఉంటున్న కుర్రాడొకడు ఉన్నాడు, అప్పటిదాకా ఒక మూల కూర్చున్నవాడు, మెల్లగా "నాకు ఈ మధ్య ప్రార్థన చేయబుద్ధి కావడం లేదు, నేను కూడా ఇక్కడికి రావొచ్చా అని అడుగుదామనుకున్నా" అన్నాడు. నేనేమీ చెప్పలేదు. క్వారీ అబ్బాయే అందుకుని, "నీ మంచం మేం పట్టుకుంటాం రా" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం నేను వంద ప్రసంగాలైనా వదులుకుంటాను. విశ్వాసం అంటే ఒంటరిగా ఎవడికి వాడు బిగపట్టుకుని కూర్చునేది అని మన పిల్లలు అనుకుంటారు, అది తగ్గినప్పుడు సిగ్గుపడి చర్చికి రావడం మానేస్తారు. ఒకరి విశ్వాసం బలహీనపడ్డప్పుడు ఇంకొకరిది వాణ్ణి మోస్తుందని ఈ భాగం చెబుతోంది. ఇది నేను నోట్సు రాసుకుని వెళ్లి చెప్పి ఉంటే వినేసి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లే తవ్వి తీసుకున్నారు కాబట్టి వాళ్లది అయింది.

సముద్రం ఒడ్డు ఊళ్లలో మార్కు 4వ అధ్యాయం చదివితే ఇంకో రకంగా ఉంటుంది. తుపాను లేచిన రాత్రి యేసు దోనె అమరం దగ్గర తలగడ మీద నిద్రపోతున్నాడు, శిష్యులు లేపి "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" అంటారు. కొత్తపట్నం వైపు వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలకు ఆ ప్రశ్న ఎంత కోపంతో వచ్చిందో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. నీళ్లు లోపలికి వస్తుంటే తోడిపోసేది ఎవరు, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఆ సమయంలో ఒక మనిషి పడుకుని ఉంటే మిగతావాళ్లకు ఎలా ఉంటుంది, అన్నీ వాళ్లకు తెలుసు. శిష్యుల మాటలో భక్తి కంటే నిష్ఠూరం ఎక్కువ ఉందని వాళ్లే పట్టుకున్నారు. ఆ నిష్ఠూరం విని కూడా యేసు లేచి గాలిని గద్దించాడు, ఆ తర్వాతే శిష్యుల్ని అడగాల్సింది అడిగాడు.

ఇక నువ్వు రాసిన వాగ్దాన కార్డుల సంగతి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికని ఒక వచనం రాసి ఉన్న కార్డు తీసుకోవడం మన సంఘాలన్నిటిలో ఉన్నదే, దాన్ని నేను తప్పు పట్టను, మా ఇంట్లో గోడ మీద కూడా ఉంటుంది. కానీ సంవత్సరమంతా ఆ ఒక్క వచనమే మన బైబిలు అయిపోతే ప్రమాదం. యిర్మీయా 29:11 ఎన్ని కార్డుల మీద చూసి ఉంటావు? "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అన్నది. డీఎస్సీ రాసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు అందరూ అది పట్టుకుని వెళతారు, ఉద్యోగం రాకపోతే దేవుడు మాట తప్పాడనుకుంటారు. ఆ అధ్యాయం మొదటి నుంచి చదవండి. అది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు యెరూషలేము నుంచి చెరపట్టి తీసుకుపోయినవాళ్లకు యిర్మీయా రాసి పంపిన ఉత్తరం. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని చెప్పాడు. జనానికి నచ్చే మాట అది. యిర్మీయా మాత్రం డెబ్బది సంవత్సరాలు అంటాడు. 11వ వచనానికి సరిగ్గా ముందు, 10వ వచనంలోనే ఉంది ఆ మాట. డెబ్బై ఏళ్లంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది అక్కడే కన్నుమూస్తారు. ఆ వాగ్దానం వాళ్ల పిల్లలకు, మనవలకు నెరవేరేది. మరి అప్పటిదాకా వాళ్లేం చేయాలి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న ఆ పరాయి పట్టణం క్షేమాన్ని కోరి దానికోసం ప్రార్థన చేయండి అంటాడు.

హైదరాబాదులో, బెంగళూరులో, చెన్నైలో హాస్టళ్లలో ఉండి ఉద్యోగాలు వెతుక్కుంటున్న మన పిల్లలకు దీనికంటే దగ్గరి మాట ఏముంది చెప్పు? "రెండేళ్లలో అంతా మారిపోతుంది" అని యూట్యూబులో కేకలు వేసి చెప్పే ప్రవచనాల కంటే ఇది బరువైనది, నిలబడే మాట. ఒక్క వచనం చదివినవాడు ఉద్యోగం రానప్పుడు కుంగిపోతాడు, ఉత్తరం మొత్తం చదివినవాడు ఉన్నచోట తోట నాటుతాడు. ఫిలిప్పీ 4:13 కూడా ఇంతే. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని పరీక్ష ప్యాడ్ మీద రాసుకుంటారు, పౌలు అది బంధకాల్లో, అంటే చెరసాలలో ఉండి రాశాడని, దానికి ముందు రెండు వచనాల్లో ఆకలిగొని ఉండటం, లేమిలో ఉండటం నేర్చుకున్నానని చెప్పాడని చదవరు. ఆ "సమస్తము"లో పస్తు కూడా ఉంది.

ఇప్పుడు ఆ అమ్మాయి విషయం. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఇదే. ఆ పెద్దాయన చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు, తనకు జవాబు తెలియక, పిల్ల దారి తప్పుతుందేమోనన్న భయంతో అని ఉంటారు. కానీ అది బైబిలుకు తెలియని భయం. యోహాను 11వ అధ్యాయం తీసి చూడు. లాజరు చనిపోయాడు, కబురు పెట్టినా యేసు వెంటనే రాలేదు. వచ్చాక మార్త ఎదురెళ్లి "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అంది. కాసేపటికి మరియ వచ్చి పాదాల మీద పడి అదే మాట అంది. అక్కాచెల్లెళ్లిద్దరూ విడివిడిగా ఒకే మాట అన్నారంటే, ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో వాళ్లు ఆ మాటే అనుకుంటూ ఉన్నారని అర్థం కాదూ? యేసు ఇద్దరిలో ఎవర్నీ గద్దించలేదు. మార్తతో మాట్లాడాడు, మరియ ఏడుస్తుంటే తనూ కన్నీళ్లు విడిచాడు. మీ ఊరి అమ్మాయి అడిగింది సరిగ్గా మార్త అడిగిందే.

"లాజరు లేచాడు కదా, మా నాన్న లేవలేదు కదా" అని ఆ అమ్మాయి అంటుంది. అనాలి కూడా. అప్పుడు దానికి చిటికెలో జవాబు చెప్పేయాలని చూడొద్దు. "దేవుడికి మంచివాళ్లంటే ఇష్టం, అందుకే తీసుకుపోయాడు" అని అసలు అనొద్దు, ఆ మాట బైబిల్లో లేదు, తండ్రి పోయిన పిల్లకు దేవుడి మీద భయం పుట్టించే మాట అది. "మీ ప్రార్థనలో విశ్వాసం చాల్లేదేమో" అనడం ఇంకా ఘోరం. క్రైస్తవులకు పునరుత్థాన నిరీక్షణ ఉంది, అది నిజం, దాన్ని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ ఆ నిరీక్షణను ఏడుపు ఆపించే కర్రలా వాడకూడదు. కీర్తనలు 88 చదివితే అది మొదటి నుంచి చివరి దాకా మొరే, చివర్లో చీకటి మాటతోనే ఆగిపోతుంది, ఎక్కడా "అయినను నేను స్తుతించెదను" అన్న మలుపు రాదు. అలాంటి కీర్తనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడంటే అలా ప్రార్థించడానికి మనకు అనుమతి ఇచ్చాడనే కదా. నువ్వు ఒక్కడివే వెళ్లకుండా మీ గ్రూపులో ఉన్న ఇద్దరు అమ్మాయిల్ని, మీ పాస్టరమ్మ గారిని తీసుకుని వాళ్లింటికి వెళ్లండి. స్టడీకి రమ్మని అడగడానికి కాదు, వాళ్లమ్మతో కాసేపు కూర్చోవడానికి. బైబిలు తెరవకపోయినా పర్లేదు. తనే మళ్లీ ఆ ప్రశ్న అడిగితే, "మాకూ తెలియదమ్మా, కానీ ఆ ప్రశ్న ఇక్కడ అడగొచ్చు" అని చెప్పండి. మార్కు 9లో మూర్ఛరోగి తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఒకే ఊపిరిలో రెండూ అంటాడు. ఆ సగం నమ్మకానికే యేసు ఆ పిల్లవాణ్ణి బాగుచేశాడు.

చదివింది బతుకులోకి రాకపోతే ఏ స్టడీ అయినా ఎండిపోతుంది, నీకు విశ్వాసం పెరిగినట్టు అనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మార్కు అయ్యాక యాకోబు పత్రిక తీసుకోండి, 5 అధ్యాయాలే. రెండో అధ్యాయం దగ్గర జాగ్రత్తగా ఆగండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు సమాజ మందిరంలోకి వస్తే మంచి చోట కూర్చోబెట్టి, మురికి బట్టలవాణ్ణి కింద కూర్చోమన్నారని యాకోబు నిలదీస్తాడు. ఇది చదివి "డబ్బున్నవాళ్లకు ముందు కుర్చీ వేయకూడదు" అని అనుకుని వెళ్లిపోవడం తేలిక. మన సంఘాల్లో పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి కులం ఎందుకు అడుగుతున్నారు? ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకునే రెండు పల్లెల వాళ్లు వియ్యమందడానికి ఎందుకు వెనకాడుతున్నారు? మన అన్నలు ఇంజినీరింగ్ చదివామని కట్నం ఎంత అడుగుతున్నారు? ఈ ప్రశ్నలు ఒంగోలులో ఒక గదిలో పిల్లలే లేవదీశారు, ఆ రోజు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకబ్బాయి తన పెళ్లికి కట్నం తీసుకోనని వాళ్ల నాన్నతో చెప్పాడు, ఇంట్లో పెద్ద గొడవ అయింది, మాట మీద నిలబడ్డాడు. నీకు విశ్వాసం పెరగడం కంటితో చూడాలని ఉంటే అదిగో, అలా ఉంటుంది. అదే అధ్యాయంలో, తిండీ బట్టా లేనివాళ్లకు ఏమీ ఇవ్వకుండా "సమాధానముగా వెళ్లుడి" అని పంపేస్తే ఏం లాభం అని ఉంది. మీ ఊళ్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ ఎవరో, ఆసుపత్రికి తోడు కావాల్సింది ఎవరికో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

మన నేల మీద వాక్యం ఎలా పాకిందో కూడా పిల్లలకు చెప్పు, ఎందుకంటే "మాకు చదువు అంతంత మాత్రం, మేమేం బైబిలు స్టడీ చేస్తాం" అనేవాళ్లు ప్రతి గ్రూపులో ఉంటారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అమెరికా మిషనరీలు జ్యూయెట్ దంపతులతో కలిపి ప్రార్థన చేసింది ఐదుగురు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అనే అంటున్నాం. 1866లో బాప్తిస్మం పొందిన తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య చెప్పులు కుట్టుకునే కులంలో పుట్టినవాడు, తన ఊళ్లకు తిరిగి వెళ్లి చుట్టాల ఇళ్లలో కూర్చుని చెప్పినవాడు. ఆ తర్వాత 1876-78 కరువు, మన పెద్దలు ధాత కరువు అనేది, వచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. బోధకులే మేస్త్రీలుగా ఉన్నారు. పని మధ్య విశ్రాంతి దొరికినప్పుడల్లా కూలీల మధ్య కూర్చుని యేసు సంగతులు చెప్పేవాళ్లు. తట్టలు మోసి మోసి అలిసినవాళ్లకు "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అన్న మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించు. వాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు బహు కొద్దిమంది. విన్నారు, మళ్లీ చెప్పించుకున్నారు, ఒకరికొకరు చెప్పుకున్నారు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని క్లౌ కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఇవ్వలేదు. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాం, దాని వెనక కాలువ గట్టు మీద కలిసి కూర్చుని విన్న ఆ నెలల్ని చెప్పుకోం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు బైబిలు చదవడం కష్టంగా ఉంటే నవ్వొద్దు, ఫోనులో ఆడియో పెట్టి అందరూ విన్నా సరిపోతుంది, ఇంగ్లీషు బైబిలు తెచ్చుకున్నా మంచిదే. ఫోనులో బైబిలు చదివేవాళ్లకు నోటిఫికేషన్లు ఆపమని చెప్పు చాలు, ఫోను బయట పెట్టండని గొడవ పడొద్దు. అమ్మాయిలు వచ్చేలా ఉండాలంటే చీకటి పడకముందే అయిపోవాలి, పెళ్లయిన అక్క ఒకరు ఎప్పుడూ ఉండాలి, ఇళ్లవాళ్లకు ముందే చెప్పాలి. నడిపించేవాళ్లు మారుతూ ఉండాలి, ఒక వారం నువ్వైతే ఇంకో వారం ఇంకొకరు, నడిపించడమంటే ప్రశ్నలు అడిగి ఊరుకోవడమే కాబట్టి ఎవరైనా చేయగలరు. అడిగాక కాసేపు ఎవరూ మాట్లాడకపోతే నువ్వు అందుకోవద్దు, ఆగు, ఎవరో ఒకరు మాట్లాడతారు. మీ హిందూ స్నేహితులు ఎవరైనా వచ్చి కూర్చుంటే వాళ్ల దేవుళ్ల మీద ఒక్క మాట కూడా తూలొద్దు, మార్కు సువార్త వాళ్లకూ అర్థమయ్యే పుస్తకమే, చదవనివ్వండి. స్టడీలో ఎవరైనా ఇంట్లో విషయాలు చెప్పుకుంటే అవి వాట్సాప్ గ్రూపులోకి, ప్రార్థనాంశం పేరుతో కూడా, వెళ్లకూడదు. ఒక్కసారి అలా జరిగితే ఆ గదిలో మళ్లీ ఎవరూ నిజం మాట్లాడరు.

పాస్టరు గారు ఒప్పుకుంటారో లేదో అని రాశావు. ముందుగా వెళ్లి కూర్చుని చెప్పు, చాటుగా చేయొద్దు. "అయ్యగారూ, మేం మార్కు సువార్త వరసగా చదువుదామనుకుంటున్నాం, మాకు అర్థం కానివన్నీ రాసిపెట్టుకుంటాం, నెలకొకసారి మీరు వచ్చి వాటికి జవాబు చెప్పాలి" అని అడుగు. చాలామంది పాస్టర్లకు తమ మీద తిరుగుబాటు అవుతుందేమోనని భయం, ఆ నోట్‌బుక్ చూస్తే ఆ భయం పోతుంది. ఇంకా అనుమానం ఉంటే అపొస్తలుల కార్యములు 17:11 ఆయనతో కలిసి చదువు. బెరయ పట్టణంవాళ్లు పౌలు చెప్పినవి "ఆలాగున్నవో లేవో అని ప్రతిదినమును లేఖనములు పరిశోధించుచు వచ్చిరి". చెప్పింది పౌలు అయినా సరే వెతికి చూసుకున్నారు, అందుకు వాళ్లను ఘనులని రాశారు గానీ ఎదురుతిరిగినవాళ్లని రాయలేదు.

మార్కుకు ఏడాది, ఇంకాస్త ఎక్కువే పడుతుంది, మధ్యలో సెమిస్టరు పరీక్షలు వస్తే ఆపి మళ్లీ ఆగిన చోటే మొదలుపెట్టండి. తర్వాత యాకోబు, ఆ పైన రూతు, యోనా, ఫిలిప్పీ, ఈ మూడూ నాలుగేసి అధ్యాయాలు. ప్రకటన గ్రంథం చదువుదామని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ముద్రలు, బూరలు, 666 అంటూ. దానికి యెహెజ్కేలు, దానియేలు, జెకర్యా కొంతైనా చదివి ఉండాలి, కాబట్టి మొదటి రెండేళ్లు దాని జోలికి వెళ్లొద్దు. అంతవరకు ఆగలేమంటే దానియేలు మొదటి ఆరు అధ్యాయాలు చదవమను, పరాయి దేశానికి చెరపోయిన కాలేజీ వయసు పిల్లల కథతోనే అవి మొదలవుతాయి.